అన్నయ్యగారి మ్యాగ్నమ్ తీసుకోవాలా, వద్దా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి సారం మాత్రం ఇస్తున్నాను. ఆమెకు ముప్పై మూడేళ్లు. ఎడమచేతి వాటం. ఏడాది పైగా షూటింగ్ క్లబ్బులో పాయింట్ 22 అనే చిన్న తూటా రైఫిల్‌తో 50 మీటర్ల కాగితపు లక్ష్యాల మీద సాధన చేస్తున్నారు. ఈ ఆటలోకి ఆమెను తీసుకొచ్చింది ఆడపడుచు భర్త. అన్నయ్యగారు అని పిలిచే ఆయన ఆ క్లబ్బులో పేరున్న షూటర్. ఒక రోజు 6.5 క్రీడ్‌మూర్ అనే దూరపు గురి తూటాను కాల్చే తన రైఫిల్ చేతికిచ్చి, 600 మీటర్ల అవతల ఉన్న ఇనుప పలకను ఆమె చేత కొట్టించారు. ట్రిగ్గర్ నొక్కిన రెండున్నర సెకన్లకు గానీ ఠంగుమన్న చప్పుడు వినబడలేదట. అప్పటి నుంచి ఆమె మనసంతా దూరపు గురి మీదే ఉంది.

సొంత రైఫిల్ కొనుక్కుంటానంటే భర్త ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. దాచిన డబ్బులోంచి తీసేది ఒక్కసారే. తర్వాత అది కావాలి, ఇది కావాలి అనకూడదు. ఈలోగా అన్నయ్యగారు "కొత్తది ఎందుకు చెల్లెమ్మా, నా పాత మ్యాగ్నమ్ తీసుకో, స్కోప్‌తో సహా సగం ధరకిస్తా" అన్నారు. అది కుడిచేతి వాళ్లకు చేసిన, పాయింట్ 300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద తూటాను కాల్చే రైఫిల్. దానితో ఐదు తూటాలు కాల్చేసరికి ఆమె భుజం కందిపోయింది. నాలుగో తూటా నుంచి తనకు తెలియకుండానే కళ్లు మూసుకున్నారు. క్లబ్బులోని కుర్రాళ్లు మాత్రం కర్రకు బదులు పెద్ద అల్యూమినియం చాసీ, అంటే చట్రం, ఉన్న కొత్త క్రీడ్‌మూర్ కొనమంటున్నారు. అది కొంటే స్కోప్‌కు, అంటే గురి చూసే దుర్భిణికి, డబ్బు మిగలదు. క్లబ్బు రేంజ్ 200 మీటర్లే. పెద్ద దూరాల రేంజ్‌కు ఏడాదిలో నాలుగైదుసార్లు మించి వెళ్లలేరు. ఏది కొనాలి? అన్నయ్యగారిని నొప్పించకుండా కాదనడం ఎలా? మళ్లీ పాయింట్ 22 కొంటే వెనక్కి నడిచినట్టు కాదా? ఇవీ ఆమె అడిగినవి.

ముందుగా మీ భుజం చెప్పిన జవాబు వినండి. నాలుగో తూటాకే కళ్లు మూసుకుపోయాయని మీరు ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, సిగ్గుపడుతున్నట్టు రాశారు. నాకైతే మొత్తం ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం అదే. అది పిరికితనం కాదు, శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి. పేలుడు, రైఫిల్ వెనక్కి వచ్చి భుజాన్ని కొట్టే తన్ను రెండూ కలిసి వస్తాయని ఒంటికి ఒకసారి తెలిశాక, ట్రిగ్గర్ కదలకముందే భుజం బిగుసుకుంటుంది, వేలు గుంజేస్తుంది. ఈ ఉలికిపాటు అంటుకోవడానికి ఒక్క పూట చాలు, వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. ఇప్పటికే అంటుకుందేమోనని అనుమానంగా ఉంటే తేల్చుకోవడం సులువే. క్లబ్బులో ఎవరినైనా మీకు కనబడకుండా తూటాలు నింపమనండి, మధ్యమధ్య ఒక ఉత్తి డమ్మీ తూటా కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం మూతి కిందికి ముణిగిందంటే జవాబు దొరికినట్టే.

మ్యాగ్నమ్ చెడ్డ తూటా అని అనడం లేదు. 1963లో పెద్ద జంతువుల వేట కోసం వచ్చింది. దూరం బాగా పోతుంది, గాలిని బాగా తట్టుకుంటుంది. అందుకు కట్టాల్సిన మూల్యమే ఎక్కువ. అందులో పట్టే తుపాకీ మందు డెబ్భై గ్రెయిన్ల (తూటాల లెక్కలో వాడే చిన్న తూకం) పైమాట. క్రీడ్‌మూర్‌లో నలభై, నలభై రెండు. పాయింట్ 223 అనే ఇంకా చిన్న తూటాలో ఇరవై నాలుగైదు. మందు పెరిగేకొద్దీ తన్ను పెరుగుతుంది, తూటా ధర పెరుగుతుంది, గొట్టం లోపలి గొంతు త్వరగా కాలిపోతుంది. క్రీడ్‌మూర్‌కు దాదాపు రెట్టింపు తన్ను ఇందులో ఉంటుంది. క్రీడ్‌మూర్ గొట్టం సాధారణంగా రెండు మూడు వేల తూటాల వరకు పోటీ స్థాయి గురి నిలబెట్టుకుంటే, మ్యాగ్నమ్ గొట్టం రెండు వేలు దాటకముందే అలసిపోతుంది. అన్నయ్యగారు ఇప్పటికే ఎన్ని కాల్చారో మీరు రాయలేదు. సగం ధర అన్నది చౌకా కాదా అన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. గొట్టం మూతికి తన్ను తగ్గించే బ్రేక్ పెట్టించుకోవచ్చని ఎవరైనా అంటారు. నిజమే, తగ్గుతుంది. కానీ చప్పుడు పక్కకు, వెనక్కు తిరిగి మీ చెవులకూ పక్కవాళ్ల చెవులకూ మరింత గట్టిగా తగులుతుంది. ఉలిక్కిపడే మనిషికి ఆ ఉపాయం పనిచేయదు.

ఇక మీ ఎడమచేతి వాటం. దీన్ని మీరు పెద్ద అడ్డంకిగా చూస్తున్నారు, నాకు అంతగా అనిపించడం లేదు. బైపాడ్ అనే రెండు కాళ్ల ఆధారం మీద పెట్టి పడుకుని కాల్చేటప్పుడు రైఫిల్ బరువు నేల మోస్తుంది కాబట్టి, ఎడమ భుజానికి ఆనించుకుని కుడిచేత్తో బోల్ట్ (తూటాను లోపలికి తోసే పిడి) తిప్పుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. చూడాల్సింది చెంప ఆనే చోటు. కుడిచేతి వాళ్ల కోసం ఒక పక్కకు చెక్కిన రైఫిల్ కర్ర మీ చెంపకు కుదరదు, కన్ను స్కోప్ మధ్యకు రాదు. దానికంటే ముందు మీ బలమైన కన్ను ఏదో చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువును వేలితో చూపించండి, తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు కదలకుండా ఉందో అదే. అది కూడా ఎడమదైతే ఎడమచేతి రైఫిల్ కోసం వెతకడం న్యాయం. టిక్కా టీ3ఎక్స్, సావేజ్ 110, బెర్గారా బీ-14 వరుసల్లో, పాయింట్ 22లో సీజెడ్ 457లోనూ ఎడమచేతి రకాలు తయారవుతున్నాయి. కాకపోతే దొరికే కాలిబర్లు, అంటే తూటా కొలతలు, తక్కువ, ఎదురుచూడాల్సి రావచ్చు.

కుర్రాళ్లు చెప్పిన మాటలో సగం సరైనదే. 6.5 క్రీడ్‌మూర్ 2007లో హార్నడీ కంపెనీ మొదటి నుంచీ లక్ష్యాల పోటీల కోసమే రూపొందించిన తూటా. సన్నగా, పొడుగ్గా ఉన్న బుల్లెట్ కాబట్టి గాలిలో వేగం త్వరగా కోల్పోదు, తన్ను భరించదగ్గది, ఫ్యాక్టరీలో నింపిన తూటాలే చక్కగా పోతాయి. సరికానిది చాసీ సంగతి. అల్యూమినియం చాసీ, దాని మీద పట్టాలు, తిప్పుకునే మరలు చూడ్డానికి బాగుంటాయి. గురి మాత్రం గొట్టంలో, ఆ గొట్టం కర్రకు ఎక్కడా తగలకుండా ఉండటంలో, శుభ్రంగా విడిచే ట్రిగ్గర్‌లో ఉంటుంది. ఈ మూడూ ఇప్పుడు మామూలు వేట రైఫిళ్ల ధరలోనే దొరుకుతున్నాయి. సావేజ్ వాళ్ల సర్దుకోదగ్గ ట్రిగ్గర్ వచ్చాక మిగతా కంపెనీలూ చౌక రైఫిళ్లలో మంచి ట్రిగ్గర్ పెట్టక తప్పలేదు.

ఒక చిన్న లెక్క చెప్తాను. ఈ లెక్క తెలిస్తే రైఫిళ్ల ప్రకటనలు చూసే కన్నే మారుతుంది. ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. తూటాలన్నీ ఒక మినిట్ వెడల్పు గుంపుగా పడేలా కాల్చే మామూలు రైఫిల్ 600 మీటర్ల దగ్గర దాదాపు 17 సెంటీమీటర్ల వలయంలో కొడుతుంది. అంటే మధ్య నుంచి ఎటైనా తొమ్మిది సెంటీమీటర్లలోపు. రెట్టింపు డబ్బు పోసి అర మినిట్ రైఫిల్ కొన్నారనుకోండి, ఆ తొమ్మిది నాలుగున్నర అవుతుంది. మీకు దక్కింది నాలుగున్నర సెంటీమీటర్లు. అదే 600 మీటర్ల దగ్గర, అదే క్రీడ్‌మూర్‌తో, పక్క గాలిని సెకనుకు ఒక్క మీటరు తప్పుగా అంచనా వేస్తే తూటా దాదాపు 14 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. సెకనుకు ఒక మీటరు తేడా చెంపకు సరిగ్గా తెలియను కూడా తెలియదు. ఆ 14 సెంటీమీటర్లను ఏ కంపెనీ అమ్మదు, తూటాలు కాల్చి నేర్చుకోవాల్సిందే. అందుకే మొదటి రైఫిల్ గురించి ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇందులో నెలకు ఎన్ని తూటాలు కాల్చగలరు?

ఇక్కడ మీ మూడో ప్రశ్న వస్తుంది. పాయింట్ 22 కొనడం వెనక్కి నడవడం అనుకుంటున్నారు. మీరు ఇంతవరకూ దాన్ని 50 మీటర్ల దగ్గరే చూశారు కాబట్టి అలా అనిపిస్తోంది. మీ క్లబ్బు రేంజ్‌లో 200 మీటర్ల చివర లక్ష్యం పెట్టి చూడండి. 50 మీటర్లకు గురి కుదిర్చిన రైఫిల్‌తో 200 దగ్గర తూటా ఒకటిన్నర మీటర్ల పైనే కిందికి పడుతుంది. స్కోప్ మీద ఎనిమిది మిల్స్ (ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర పది సెంటీమీటర్ల కోణం) పైకి తిప్పాలి. క్రీడ్‌మూర్‌తో 900 మీటర్లకు తిప్పేది కూడా దాదాపు అంతే. సెకనుకు నాలుగున్నర మీటర్ల పక్క గాలికి ఆ చిన్న తూటా 200 మీటర్లలో సుమారు 30 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. క్రీడ్‌మూర్ అంత జరగాలంటే 400 మీటర్లు దాటాలి. దూరపు గురిలో కష్టమైనవన్నీ, అంటే గాలి చదవడం, లెక్క కట్టి స్కోప్ తిప్పడం, తప్పు చూసి దిద్దుకోవడం, మీ క్లబ్బు రేంజ్‌లోనే వారం వారం చేయవచ్చు. తన్ను లేదు, కాబట్టి ఉలికిపాటూ వదులుతుంది. ఒక్క జాగ్రత్త: స్టాండర్డ్ వెలాసిటీ అని రాసి ఉన్న తూటాలే కొనండి. అవి మొదటి నుంచీ ధ్వని వేగానికి, అంటే సెకనుకు 340 మీటర్లకు, కాస్త కిందే ప్రయాణిస్తాయి. హై వెలాసిటీ రకం ఆ గీత పైన మొదలై దారిలో కిందికి దిగుతుంది, ఆ దిగే చోట తూటా కుదుపుకు లోనై గుంపు చెదురుతుంది. నాలుగైదు కంపెనీలవి తలొక చిన్న పెట్టె తెచ్చి, 50 మీటర్ల దగ్గర పదేసి కాల్చి, మీ గొట్టానికి నచ్చింది ఏదో చూసుకుని అదే లాట్‌లో, అంటే ఒకే విడతలో తయారైనవి, ఎక్కువ కొనుక్కోండి. మూడు తూటాల గుంపు చూసి నిర్ణయించకండి, మూడు తూటాలు ఏమైనా చెప్తాయి.

దీని లోపం కూడా చెప్పాలి. ఏడాదికి నాలుగైదుసార్లు పెద్ద రేంజ్‌కు వెళ్లినప్పుడు ఈ రైఫిల్‌తో చేయగలిగింది తక్కువ. మీ మనసు లాగింది ఆ 600 మీటర్ల పలక వైపు. కేవలం 22 కొని, ఆ పలకను మరో రెండేళ్లు దూరం నుంచి చూస్తూ ఉండటం మీ వల్ల కాకపోతే, అదీ అర్థం చేసుకోదగ్గదే.

అలాంటప్పుడు ఎవరూ మీ ముందు పెట్టని మరో దారి ఉంది: పాయింట్ 223 బోల్ట్ రైఫిల్. తన్ను నామమాత్రం. సెంటర్‌ఫైర్ తూటాల్లో, అంటే 22లా అంచున కాకుండా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలేవాటిలో, సాధారణంగా చౌకైనవాటిలో ఒకటి. గొట్టం చాలా వేల తూటాలు మన్నుతుంది. మీ 200 మీటర్ల రేంజ్‌లో పనికొస్తుంది, 600 మీటర్ల పలకనూ కొడుతుంది. గాలికి మాత్రం క్రీడ్‌మూర్ కంటే ఒకటిన్నర రెట్ల పైనే జరుగుతుంది. నేర్చుకునే మనిషికి అది శాపం కాదంటాను, 600 దాటి వెయ్యి వైపు వెళ్లాలంటే మాత్రం పోనుపోను విసుగొస్తుంది. కొనేటప్పుడు గొట్టం లోపల బుల్లెట్‌ను తిప్పే గాడుల మెలిక చూసుకోవాలి. ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు, లేదా అంతకంటే బిగువుగా ఏడు అంగుళాలకు ఒకటి ఉంటేనే 75, 77 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్లు నిలకడగా తిరుగుతాయి. పన్నెండు అంగుళాల మెలిక ఉన్న పాత రైఫిల్ చౌకగా వస్తే, అది తేలిక బుల్లెట్లకు తప్ప మీకు పనికిరాదు. ఇంకో సంగతి. స్కోప్ పెట్టుకుని ఆధారం మీద కాల్చే ఎఫ్-క్లాస్ అనే దూరపు గురి పోటీల్లో ఎఫ్-టీఆర్ అనే విభాగంలో పాయింట్ 223, పాయింట్ 308 రెండు కాలిబర్లకే అనుమతి, బైపాడ్‌తో సహా బరువు 8.25 కిలోలు మించకూడదు. ఈ ఎఫ్-క్లాస్‌కు ఆ పేరు జార్జ్ ఫార్కర్సన్ అనే కెనడా షూటర్ వల్ల వచ్చింది. వయసు మీదపడి పాత పద్ధతిలో రైఫిల్ పట్టీ చేతికి బిగించుకుని కాల్చడం కష్టమైనప్పుడు, స్కోప్ పెట్టుకుని ఆధారం మీద కాలుస్తానని ఆయన పట్టుబట్టారు. శరీరం ఒప్పుకోనప్పుడు పద్ధతి మార్చుకోవడంలో తప్పులేదని ఆ ఆటకు ఆనాడే తెలుసన్నమాట. మీ క్లబ్బులో ఎఫ్-టీఆర్ ఆడేవాళ్లుంటే అటువైపు ఒక కన్నేయండి. ఎందుకంటే క్రీడ్‌మూర్ కొంటే ఆ విభాగంలో చోటు లేదు, అర కిలో తేలికైనా సరే.

పాయింట్ 308 గురించి మీరు అడగలేదు, కాబట్టి ఒక్క మాట: 1952 నాటి నమ్మకమైన తూటా, గొట్టం ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ తన్ను క్రీడ్‌మూర్ కంటే ఎక్కువ. మీ భుజానికి ఇప్పుడు అది వద్దు.

ఏది కొన్నా డబ్బంతా రైఫిల్‌లో పోయకండి. మీ దగ్గరున్నది వంద పాళ్లు అనుకుంటే రైఫిల్‌కు నలభై దాటనివ్వకండి. స్కోప్, దాన్ని పట్టి ఉంచే రింగులు కలిపి ముప్పై. మిగిలింది తూటాలకు, బైపాడ్‌కు, వెనక పెట్టుకునే సంచీకి, చెవుల రక్షణకు. ఈ పాళ్లు నా అంచనా, శాస్త్రం కాదు. స్కోప్‌లో పెద్ద జూమ్ చూసి మోసపోవద్దు, పదహారు రెట్లు మీకు ధారాళంగా సరిపోతాయి. తిప్పిన ప్రతిసారీ తిప్పినంతే కదలాలి, తిరిగి సున్నాకు తెస్తే సున్నాకే రావాలి. చౌక స్కోప్‌లు ఓడిపోయేది ఇక్కడే. లోపలి గీతలు, బయటి మరలు రెండూ మిల్స్‌లోనే ఉన్నవి తీసుకోండి. మర ఒక్క క్లిక్ తిప్పితే గురి 100 మీటర్ల దగ్గర సెంటీమీటరు కదులుతుంది, లెక్క తలలోనే అయిపోతుంది. పారలాక్స్ (కన్ను కాస్త జరిగితే గురి కూడా జరిగినట్టు కనబడటం) సర్దే మర ఉండాలి, 22 కోసమైతే అది పాతిక, యాభై మీటర్ల దాకా దిగాలి. స్కోప్ కింద 20 మినిట్ల వాలు ఉన్న పట్టా వేయించుకుంటే పైకి తిప్పుకునే చోటు పెరుగుతుంది. మంచి స్కోప్ ఒక రైఫిల్ మీంచి ఇంకో రైఫిల్ మీదికి మారుతుంది. అందుకే మీవారి 'ఒక్కసారే' అన్న షరతుకు లోబడి ఉండాలనుకుంటే, అసలు డబ్బు పెట్టాల్సింది దాని మీదే.

ఆ షరతు గురించి కూడా. మీవారి మాటలో అన్యాయం ఏమీ లేదు, ఆయన లెక్కలో తూటాలు లేవు, అంతే. రైఫిల్ ఒక్కసారి కొంటారు, తూటాలు ప్రతి నెలా కొంటారు. మ్యాగ్నమ్, క్రీడ్‌మూర్, 22, 223 నాలుగింటికీ పక్కపక్కనే ఏడాది తూటాల ఖర్చు, రేంజ్ రుసుము రాసి ఆయన ముందు పెట్టండి. సగం ధరకొచ్చిన మ్యాగ్నమ్ ఆ కాగితం మీద అన్నిటికంటే ఖరీదైనదిగా తేలే అవకాశమే ఎక్కువ. ఈ పని కొన్న తర్వాత చేస్తే గొడవ, ముందు చేస్తే ఉమ్మడి నిర్ణయం.

అన్నయ్యగారికి సాకులు చెప్పకండి. డబ్బు సరిపోలేదంటే ఇంకా తగ్గిస్తానంటారు, ఎడమచేతి వాటం అంటే కర్ర మార్పిస్తానంటారు. ఉన్నమాట చెప్పండి: "అన్నయ్యగారూ, దాని తన్నుకు నేను కళ్లు మూసుకుంటున్నాను. అలవాటు ముదరకముందే చిన్న తూటాతో దిద్దుకుంటాను." అనుభవమున్న ఏ షూటరైనా ఈ మాటకు ఎదురు చెప్పడు, అది ఎంత మొండి జబ్బో ఆయనకు తెలుసు. కాస్త చిన్నబుచ్చుకోవచ్చు కూడా. ఆ రైఫిల్ మీకివ్వడంలో ఆయనకు ప్రేమతో పాటు మూల పడున్న వస్తువు వదిలించుకునే సౌకర్యమూ కొంత ఉండి ఉండవచ్చు, దాన్ని మీరు తప్పుగా పట్టుకోనక్కర్లేదు. ఆయన దగ్గర మీకు నిజంగా కావాల్సింది గాలి చదవడం. పెద్ద రేంజ్‌కు వెళ్లినప్పుడు మీ పక్కన స్పాటింగ్ స్కోప్ (తూటా ఎక్కడ పడిందో చూసే దుర్భిణి) పట్టుకుని కూర్చోమని అడగండి.

నన్నే ఎంచమంటే? వారం వారం రేంజ్‌కు వెళ్లగలిగితే బరువు గొట్టం ఉన్న 22 కొని, దాని మీద మంచి స్కోప్ పెట్టి, పెద్ద రేంజ్ రోజుల్లో అన్నయ్యగారి క్రీడ్‌మూర్ అడిగి నాలుగు తూటాలు కాల్చుకోమంటాను, ఆ తూటాల ఖర్చు మీదే. ఒక్క రైఫిల్‌తోనే అన్నీ జరగాలి, ఎవరినీ అడగలేను అంటే 223. నెలకు వంద క్రీడ్‌మూర్ తూటాలు కొనే స్తోమత ఉందని కాగితం మీద తేలితే, చాసీ లేని సాదా క్రీడ్‌మూర్ కొనండి, నేను అడ్డుపడను. ఏదీ తేలకపోతే ఇంకో ఆరు నెలలు క్లబ్బు రైఫిల్‌తోనే, 200 మీటర్ల దగ్గర, గడపవచ్చు. నష్టపోయేదేమీ లేదు.

ఎవరికైనా బయానా ఇచ్చే ముందు మీ లైసెన్సు నిబంధనలు చదవండి. కొన్నిచోట్ల కాలిబర్ పేరు పెట్టి అనుమతి ఇస్తారు, కొన్నిచోట్ల తూటాల సంఖ్యకు హద్దు ఉంటుంది, ఇవి తెలియకుండా పెట్టిన డబ్బు ఇరుక్కుంటుంది. 22 అని చులకనగా చూడవద్దు. దాని తూటా మైలు దాటి పోగలదు, వెనక మట్టికట్ట లేనిచోట కాల్చకూడదు. చెవులకు రక్షణ దానికీ తప్పదు. ఇంట్లో పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకపోయినా రైఫిల్ తాళం వేసిన ఇనుప బీరువాలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. ఆ బీరువా ఖర్చు కూడా మీవారి ముందు పెట్టే కాగితంలో మొదటి వరుసలోనే రాయండి.